త్వరగా తేలిన ఫైలు

మా సూపర్నెంటు గారు పోయారని ఈమధ్య ఆఫీసు వాట్సాప్ గ్రూపులో మెసేజి వచ్చింది. నేను నమ్మలేదు. అది ఎక్కడినుంచో ఫార్వర్డ్ అయి వచ్చింది, కింద ఎవరి పేరూ లేదు. ఎవరు పంపారో తెలియని దాన్ని నమ్మొద్దని నాకు నేర్పింది ఆవిడే. అందుకని ఆవిడ నంబరుకే ఫోన్ చేశాను. వాళ్ళాయన తీశారు.

"నిజమేనమ్మా. నిద్రలోనే పోయింది," అన్నారు.

రిటైరై ఏడాదైనా కాలేదు.

మాది గోదావరి సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా ఉన్న చిన్న ప్రభుత్వ కార్యాలయం. పడవల రిజిస్ట్రేషన్లు, చేపల వేటకి వెళ్ళేవాళ్ళ గుర్తింపు కార్డులు మా దగ్గరే అవుతాయి. నేను జూనియర్ అసిస్టెంటుగా చేరిన రోజునే పక్క సీటులోని సీనియర్ అసిస్టెంటు గొంతు తగ్గించి చెప్పాడు. "ఆవిడతో జాగ్రత్తండి. ఐదయ్యేసరికి బల్ల ఖాళీ చేసి వెళ్ళిపోతారు. ఏదో లేకుండా అలా ఎలా కుదురుద్దండి?"

నాకూ అలాగే అనిపించింది. మా అందరి బల్లల మీదా ఫైళ్ళు గుట్టలుగా ఉండేవి. ఆవిడ ముందు ఒక్కటే ఉండేది. వస్తూనే అన్నిటికంటే చిక్కుగా ఉన్నదాన్ని తీసేవారు. టీ వేళదాకా ఫోను సొరుగులోనే. ఆలోగా ఎవరు తొంగిచూసినా ఎడమ చేత్తో ఆగమని సైగ చేసేవారు, తల ఎత్తేవారు కాదు. "ముట్టుకుంటే తేల్చెయ్యాలమ్మా. తేల్చే ఓపిక లేనప్పుడు ముట్టుకోకు," అనేవారు. మేము ఒక్కో ఫైలును ఎన్నిసార్లు తెరిచి మూసేవాళ్ళమో అప్పటికి నేను గమనించలేదు.

నిజానికి మాకంటే ఆవిడకే అనుమానాలు ఎక్కువ. మనుషుల మీద కాదు, పని మీద. చీకటిపడ్డా సీటు వదలకుండా కూర్చుంటే ఆవిడ మెచ్చుకుంటారనుకున్నాను కొత్తలో. మర్నాడు పిలిచారు. "నువ్వు పొద్దుపోయేదాకా కూర్చున్నావంటే కష్టపడ్డావనుకోను. పగలంతా ఏం చేశావా అనుకుంటాను," అన్నారు. కోపంగా కాదు, డాక్టరు జ్వరం ఎప్పుడొచ్చిందని అడిగినట్టు అన్నారు.

ఓరోజు సముద్రం ఒడ్డు ఊరినుంచి ఒక పెద్దాయన పడవ కాగితం రెన్యువల్‌కి వచ్చాడు. రెండు పూటలకీ అన్నం కట్టుకుని, రాత్రి ఉండటానికి దుప్పటి కూడా తెచ్చుకున్నాడు. ఆవిడ వివరాలు సరిచూసి, పై అధికారి సంతకం చేయించి, భోజనాల వేళకి ముందే కాగితం ఆయన చేతిలో పెట్టారు. ఆయన కదలలేదు.

"అయిపోయిందండి. వెళ్ళిరండి."

"అయిపోయిందాండి? ఇంత వేగంగా ఇచ్చారంటే, ఇది చెల్లే కాయితమేనాండి?"

"చెల్లుతుందండి. ముద్ర చూసుకోండి."

చూసుకున్నాడు. అయినా నమ్మకం కుదరక వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక మా సీనియర్ దగ్గరికి వెళ్ళి కాగితం చూపించాడు. సీనియర్ దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఏం ముట్టజెప్పావేంటి?" అన్నాడు.

ఆ మాట వరండా దాటింది. కొన్నాళ్ళకి ఆవిడ మీద పైకి ఆకాశరామన్న ఉత్తరం వెళ్ళింది. విచారణకి ఒక అధికారి వచ్చారు. ఆవిడ ఉద్యోగం పోతుందేమోనని నేను హడలిపోయాను. ఆవిడ మాత్రం ఆయనకి తన ఎదురుగా కుర్చీ వేయించారు.

"ఇక్కడే కూర్చుని చూడండి సార్. ఏమీ అనుకోకండి, టీ వేళదాకా నేను మాట్లాడను."

ఆయన సాయంత్రందాకా కళ్ళు చికిలించి చూస్తూనే ఉన్నారు. సొరుగులు తెరిపించారు. మర్నాడు ఆ పెద్దాయన్ని పిలిపించి, ఏమిచ్చావో భయపడకుండా చెప్పమన్నారు.

"ఆయ్, ఏమీ ఇవ్వలేదండి. అడగనూ లేదండి. అందుకేనండి నాకు భయమేసింది."

అధికారి ఆ మాట కూడా కాగితం మీద రాసుకున్నారు.

తప్పేమీ దొరకలేదు. కానీ ఊరికే వదల్లేదు. ఇంత తీరుబాటుగా ఉన్నారంటే పని తక్కువన్నమాట అని రాసి, ఇంకో సెక్షను కూడా ఆవిడకే అప్పగించారు. మేమంతా ఇప్పుడు ఐదింటికి ఎలా వెళ్తారో చూద్దామనుకున్నాం. ఆవిడ కొత్త సెక్షను కాగితాలన్నీ ముందేసుకుని ఒక్కోదాన్నీ దొంగని పట్టుకున్నట్టు నిలదీశారు. ఇది ఎవరికి? ఎందుకు? ఒకే సమాచారం మూడు రూపాల్లో ఒకే బల్లకి వెళ్తోందని కనిపెట్టి, ఒకటి చాలదా అని పై ఆఫీసుకి రాశారు. జవాబు రాలేదు. మళ్ళీ రాశారు. చివరికి ఒకటి చాలన్నారు. ఆ నెల చివరికల్లా యథాప్రకారం ఐదింటికి బ్యాగు భుజాన వేసుకున్నారు.

"మేడమ్, మీకు బాధగా లేదా?" అని గేటు దగ్గర అడిగాను.

"ఉంది. సరిగ్గా చేసినా సంజాయిషీ చెప్పుకోవాలంటే ఎవరికి బాధుండదు? కానీ వాళ్ళు నమ్మాలని ఇక్కడ కూర్చుంటే నా సాయంత్రం పోతుంది కదమ్మా."

ఇవాళ నా బల్ల మీద కూడా ఒకే ఫైలు ఉంటుంది. కొత్తగా చేరినవాళ్ళు నన్ను ఓరగా చూస్తుంటారు. వాళ్ళని తప్పుపట్టలేను.

పదోరోజు వాళ్ళింటికి వెళ్ళాను. వచ్చినవాళ్ళలో మా సీనియర్ కూడా ఉన్నాడు. భోజనాలయ్యాక ఉండబట్టలేక ఆయనే వాళ్ళాయన్ని అడిగాడు. "ఇంటికొచ్చి మేడమ్ గారు ఏం చేసేవారండి? వ్యాపారమేమైనా ఉండేదాండి?"

"వ్యాపారమా?" అని ఆయన లేచి, వంటింట్లోంచి గుప్పెడు మరమరాలు తెచ్చి మమ్మల్ని పెరటి వెనక కాలవ మెట్ల దగ్గరికి తీసుకెళ్ళారు. "రోజూ సాయంత్రం ఇక్కడే కూర్చునేదండి," అంటూ నీళ్ళలోకి చల్లారు. మరమరాలు మెల్లగా వాలుకి కొట్టుకుపోతున్నాయి. సీనియర్ ఇంకేదో ఉంటుందన్నట్టు అటూ ఇటూ చూస్తున్నాడు. ఒక చిన్న చేప నోరు పైకొచ్చి, ఒకటి అందుకుని, మునిగిపోయింది. దాని పక్కనే ఇంకోటి. కాసేపటికి మెట్ల ముందు నీళ్ళన్నీ చిన్న చిన్న సుడులతో కదిలిపోసాగాయి.