బీరతీగ కోసం గుంజైన మా మామ్మ

కృష్ణా జిల్లాకి వచ్చిన కలరా మా వీధి మొదటిదాకా వచ్చి, మా మామ్మ చేతిలో గునపం చూసి, దడుచుకుని, బందరు రోడ్డు పట్టి పారిపోయి సముద్రంలో పడి చచ్చింది. ఈ మాట నేను ఎవరి ముందైనా అంటాను. కావాలంటే మా వీధిలో అడగండి. వాళ్ళు కాదంటారు. మా వీధివాళ్ళకి సొంత మనిషిని మెచ్చుకోవడం ఏనాడూ చేతకాదు.

సరే, నిజం కూడా చెప్పాలి కదా. కలరా వచ్చింది. మా వీధిలోనే నలుగురిని తీసుకుపోయింది. మామ్మ చేతిలో గునపం ఉన్న మాట మాత్రం అబద్ధం కాదు.

మామ్మ పేరు చౌడేశ్వరమ్మ. మనిషి గుప్పెడంత. గొంతు మాత్రం కాలువ అవతలి గట్టుకి వినపడుతుంది. మాది నేతవాళ్ళ వీధి, కంకిపాడుకి రెండు మైళ్ళు. ముప్ఫై రెండు ఇళ్ళు, ముప్ఫై రెండు మగ్గాలు. యుద్ధం మొదలయ్యాక బెజవాడ నుంచి నూలు రావడం సన్నగిల్లి, సన్నగిల్లి, నేను చెప్పే వేసవికి పూర్తిగా నిలిచిపోయింది. మా తాతయ్య వెంకటప్పయ్య రోజూ పొద్దున్నే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, మగ్గం గుంటలో దిగి, ఖాళీ మగ్గం ముందు కూచునేవాడు. "ఏం చేస్తున్నావు తాతయ్యా?" అంటే "అలవాటు తప్పకుండా చూసుకుంటున్నా" అనేవాడు. నాకప్పుడు పదేళ్ళు.

వేసవిలో పూడిక తీయడానికి కాలువ కట్టేస్తారు. అడుగున మిగిలిన మడుగుల్లో గేదెలూ మేమూ కలిసి తాగేవాళ్ళం. జబ్బు అక్కణ్ణించే వచ్చిందని హెల్తు ఇన్‌స్పెక్టరు చెప్పాడు. బావిలో బ్లీచింగు పొడి పోయించాడు, నీళ్ళు మరగబెట్టుకోమన్నాడు, జబ్బు తగిలిన ఇళ్ళ తలుపుల మీద సున్నంతో గీతలు గీయించాడు. గీతలు పడ్డది ఏడు ఇళ్ళకి. ఊరివాళ్ళు మాత్రం వీధి మొత్తానికి పడ్డట్టే చూశారు. కూరలమ్మే వాళ్ళు ఇటు రావడం మానేశారు. బడి కూడా మూసేశారు. తర్వాత తెరిచారుట, నేనే మళ్ళీ వెళ్ళలేదు. నా చదువు ఐదో తరగతి సగంలో ఆగింది. మామ్మకి చదువు రాదు, నాకు సగం వచ్చు. ఇద్దరం కలిసినా ఆ సగమే.

ఒక బుధవారం మామ్మ నన్ను వెంటబెట్టుకుని కంకిపాడు సంతకి నడిచింది. ఒకావిడ దగ్గర రెండు తోటకూర కట్టలు తీసి బుట్టలో వేసుకుంది.

"ఏ వీధమ్మా మీది?" అంది ఆవిడ.

అబద్ధం చెప్పమని నేను మామ్మ కొంగు లాగాను.

"నేతవాళ్ళ వీధి" అంది మామ్మ, గుళ్ళో గోత్రం చెప్పినంత గట్టిగా.

ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. గొడుగు కర్రతో మా బుట్టని అవతలికి నెట్టింది. "డబ్బులొద్దు తల్లీ, ఊరికే తీసుకుపో. మళ్ళీ ఇటు రాకు" అంది.

మామ్మ బుట్ట బోర్లించి, కట్టలు రెండూ అక్కడే పడేసి వచ్చేసింది. దారి పొడుగునా ఖాళీ బుట్ట ఊపుకుంటూ నా కంటే ముందు విసవిసా నడిచింది. మా వీధి మలుపులో ఆగి అంది: "మల్లీ, విను. ఆ సంతలో నేను మళ్ళీ ఒక్క కాడ కొన్నానంటే ఈ చేత్తో మగ్గం ముట్టను. ఇది మగ్గం మీద ఒట్టు."

మాలో మగ్గం మీద ఒట్టు ఆషామాషీ కాదు. అది తప్పినవాడికి మా వీధిలో పిల్లనివ్వరు.

"మరేం తింటాం?"

"పండించుకు తింటాం."

"మనకి చేతనవునా మామ్మా?"

"నోరు మూసుకు నడు."

పండించడానికి మాకు సెంటు భూమి లేదు. ఉన్నదల్లా పడుగుబాట. అంటే ఇళ్ళ వెనక పొడుగ్గా ఉండే ఉమ్మడి జాగా. నిలువు పోగులన్నీ కలిపి పడుగు అంటాం. మగ్గానికి ఎక్కించే ముందు దాన్ని ఆ జాగాలో నడుమెత్తున బిగలాగి, రెండు కొసల్లో పాతిన తుమ్మ గుంజలకి కట్టి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెడతాం. ఆ గుంజలకి పసుపూ కుంకుమా పెడతారు. కొత్త గుంజ పాతాలంటే శ్రావణంలో అమ్మవారికి పూజ చేసే పాతాలి. మిగతా నెలల్లో ఎవరూ వాటి జోలికి పోరు.

మామ్మ మర్నాడు పొద్దున్నే గునపం పట్టుకుని పడుగుబాటలో దిగింది. నాలుగు పోట్లు వేసిందో లేదో పాండురంగయ్య చిన్నతాతయ్య పరుగెత్తుకొచ్చాడు. ఆయన తాతయ్యకి తమ్ముడు, మా వీధికి పెద్ద.

"వదినా! పడుగుబాట తవ్వడమంటే వృత్తికి నీళ్ళొదలడమే!"

"నీళ్ళు ఎక్కడున్నాయి మరిదీ వదలడానికి? మొక్కలకే సరిపోయేట్టు లేవు."

"నూలొస్తే ఎక్కడ సాగదీస్తాం?"

"నూలొచ్చాక అడుగు. ఇవాళ మీ ఇంట్లో ఏం కూర?"

చిన్నతాతయ్య వచ్చిన దారినే వెనక్కి పోయాడు. వాళ్ళ తలుపు మీద కూడా సున్నపు గీత ఉంది. చిన్నమామ్మ జబ్బు పడి, బతికి, మంచం మీద ఉంది. ఉప్పూ గంజీ తప్ప లోపలికి పోవడం లేదు.

విత్తనాలు మెహబూబ్ బీ ఇచ్చింది. ఆవిడ పక్క సందులో పరుపులు కుట్టేది. వాళ్ళ పెరట్లో కాయని మొక్క లేదు. తోటకూర, బచ్చలి, బెండ, బీర, ఒక్కోటి ఒక్కో గుడ్డపీలికలో మూట కట్టి ఇచ్చింది.

"కొననన్నావుగా మామ్మా?" అన్నాను.

"ఇది కొన్నానా? మెహబూబీ ఇచ్చింది. రేపు దానికి నేనొక చీర నేసిస్తా."

ఇక మా మామ్మ సేద్యం చూడాలి. జన్మలో మట్టి పని ఎరగదు, నేత ఒక్కటే ఎరుగును. నూలుపోగు తాడులా లాగి కట్టి, దాని వెంబడి తోటకూర గింజలు ఒక్కొక్కటే పేర్చింది. వరసకీ వరసకీ మధ్య వేలెడు సందు. సూటిగా, దట్టంగా, అచ్చం పడుగు వేసినట్టే. నేను వరసలు లెక్కపెడుతుంటే మధ్యలో ఒకటి తప్పిందని మొట్టికాయ వేసింది.

వారానికి మొలిచింది. తోట కాదు, దుప్పటి మొలిచింది. మెహబూబ్ బీ వచ్చి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి నవ్వి మడి గట్టు మీద కూలబడింది.

"అక్కా! ఇది నేశావా, నాటావా? ఇంత ఒత్తుగా ఉంటే ఒక్కటీ ఎదగదు. నాలుగింట మూడు పీకెయ్."

"పీకి?"

"పారెయ్."

మామ్మ మొహం చూడాలి అప్పుడు. "పోగు తెగితే ముడేసే చెయ్యి మెహబూబీ ఇది. బతికున్నదాన్ని తెంపి పారేయమంటావా?"

పీకింది, పారేయలేదు. పీకిన ప్రతి మొలకనీ తడిగుడ్డలో చుట్టుకుని వీధిలోకి బయల్దేరింది. ఎవరినీ అడగలేదు. మా చూరు కింద నాటింది. పక్కింటి చూరు కింద నాటింది. పగిలిన రంగు కాగుల్లో, చిల్లుపడ్డ గంజి డేగిసాల్లో నాటింది. సున్నపు గీత ఉన్న ఇళ్ళనీ వదల్లేదు. "ఏంటిది చౌడేశ్వరమ్మా?" అన్నవాళ్ళకి "నీళ్ళు పొయ్యి, తర్వాత చెప్తా" అనేసి ముందుకు పోయింది. నేను వెనకాలే చెంబుతో. అలా నాలుగు రోజుల్లో ముప్ఫై రెండు ఇళ్ళ ముందూ మా మామ్మ మొక్కలు నిలబడ్డాయి. ముఖాలు కడిగిన నీళ్ళు, అంట్లు తోమిన నీళ్ళు అన్నీ వాటికే. మా వీధివాళ్ళు మొహమాటస్తులు. పాతిన మొక్కని ఎండబెట్టలేరు.

జ్యేష్ఠం వచ్చేసరికి ఆకుకూరకి ఎవరూ దేవుళ్ళాడలేదు. బీరపాదు ఒకటి మాత్రం ఎవరి మాటా వినలేదు. పడుగుబాట తూర్పు కొసన మొలిచి, పందిరి వేసేలోపే గుంజని కరుచుకుని, మూడు చుట్లు చుట్టి, పైకెక్కి పూసింది. జబ్బు పడి లేచినవాళ్ళకి పథ్యం కూర బీరకాయే కదా. వీధిలో అలాంటివాళ్ళు ముగ్గురు. మొదటి కాయ మామ్మ చిన్నమామ్మకి పంపింది. నెల్లాళ్ళకి ఆవిడ అన్నం తిని దాన్ని కడుపులో ఉంచుకున్నది ఆ రోజే.

సరిగ్గా అప్పుడే నూలొచ్చింది.

చిన్నతాతయ్య బెజవాడ డిపో నుంచి బండి మీద తెచ్చాడు. వీధి వీధంతా బండి చుట్టూ చేరింది. మా తాతయ్య ఒక నూలు చిలప తీసి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. చిన్నతాతయ్య సూటిగా మామ్మ దగ్గరికి వచ్చాడు.

"వదినా, రేపు పొద్దున పడుగు. మడులు కిందుంటాయి, పడుగు పైన పోతుంది, వాటికి నేను అడ్డం చెప్పను. గుంజ మీది తీగ కోసెయ్."

"పది పిందెలున్నాయి. పది రోజులాగు."

"డిపో వాళ్ళు గడువు పెట్టారు. పదిహేను రోజుల్లో బట్ట అప్పజెప్పకపోతే మళ్ళీ నూలు లేదు. తాడు కడితే తీగ ఎలాగూ నలుగుతుంది. కోసెయ్."

"కోస్తే ఆ ముగ్గురికీ పథ్యం ఎక్కణ్ణించి తేను?"

"సంత లేదూ?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. మామ్మ చీర కొంగు నడుముకి దోపింది.

"మరిదీ, ఆ తీగ మొదటి కాయ ఎవరి పళ్ళెంలో పడిందో ఇంటికెళ్ళి అడుగు. నేను సంతకి వెళ్ళను. తీగ కొయ్యను. నువ్వు పడుగు వెయ్."

"దేనికి కట్టను?"

"నాకు కట్టు."

వీధి మొత్తం నవ్వింది. మామ్మా తాతయ్యా మాత్రం నవ్వలేదు.

మర్నాడు తెల్లారేసరికి వెళ్ళి గుంజ పక్కన నిలబడింది. చింతగింజల గంజి వాసన ముక్కులు అదరగొడుతోంది. తాతయ్య వచ్చి "నేను నిలబడతానే" అన్నాడు. "నువ్వు కుంచె పట్టే మనిషివి, ఫో అవతలికి" అంది. పాత దుప్పటి మడిచి నడుముకి చుట్టుకుంది, దాని మీద తాడు కట్టించుకుంది, మడి గట్టుకి పెట్టిన ఇటకలకి మడమలు తన్నిపట్టింది. ఎదటి కొసలో పడుగు బిగించగానే రెండడుగులు ముందుకి జారింది. మెహబూబ్ బీ ఎక్కణ్ణించి చూసిందో, పరుపు సూది జాకెట్టుకి గుచ్చుకుని పరుగున వచ్చి వెనకనుంచి మామ్మ నడుం వాటేసుకుంది. ఆవిడ నడుం నేను వాటేసుకున్నాను. ముగ్గురం కలిసి ఒక గుంజ.

చిన్నతాతయ్య ఒక పక్క, తాతయ్య ఒక పక్క, కుంచెలతో గంజి దువ్వుకుంటూ అటు పోతారు, ఇటు వస్తారు. ఇటు వచ్చినప్పుడల్లా చిన్నతాతయ్య మామ్మ మొహంలోకి చూడక తప్పదు.

"వదులవుతోంది వదినా."

"నీ చెయ్యి వదులు. నా నడుం కాదు."

మళ్ళీ వచ్చాడు. "ఎండ ఎక్కుతోంది. పడిపోతావు."

"ఎక్కితేనేగా గంజి ఆరేది. కబుర్లాపి దువ్వు."

మూడోసారి వచ్చేసరికి బీరపువ్వు ఒకటి రాలి మామ్మ నెత్తిన పడింది. ఆ పుప్పొడికి మామ్మకి తుమ్మొచ్చింది. మామ్మ తుమ్మంటే మాటలా! ఈ కొస నుంచి ఆ కొసదాకా పడుగు జల్లున ఊగింది. గంజి తుంపర్లు తాతయ్య మీసాల మీద పడ్డాయి. కలరా వచ్చిన నాటి నుంచి నవ్వని మనిషి, కుంచె పట్టుకుని అలాగే నిలబడి నవ్వాడు. చిన్నతాతయ్య కోప్పడదామని నోరు తెరిచి, తనూ నవ్వేశాడు.

"ఒక్క పోగు తెగలేదు చూసుకో" అంది మామ్మ.

తెగలేదు. నిజంగానే తెగలేదు.

పడుగు ఆరేసరికి ఎండ చురచురలాడుతోంది. తాడు చిన్నతాతయ్యే విప్పాడు. మామ్మ వెంటనే కూచోలేకపోయింది, నిలబడే ఉండిపోయింది. నడుము మీద వేలు మందాన కమిలిన వాత. అది శ్రావణం దాకా పోలేదు.

రెండో పడుగు రోజు మామ్మ వెళ్ళేసరికి గుంజ దగ్గర నలుగురు ఆడవాళ్ళు దుప్పట్లు మడిచి పట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళ వెనకాల, ఇంకా గోడ పట్టుకు నడిచే చిన్నమామ్మ. "నేను నిలబడలేను గానీ తాడు ముడి వేస్తానక్కా" అంది. ఆ గడువులో ఆరు పడుగులు అలాగే వేశాం. బట్ట అప్పజెప్పాం. మళ్ళీ నూలొచ్చింది. బీరతీగ విత్తనాలకి ముదిరి, తనంతట తను ఎండిపోయేదాకా దాన్ని ఎవరూ తాకలేదు. శ్రావణంలో అమ్మవారికి పూజ చేసి రెండడుగులు ఇవతల కొత్త గుంజ పాతారు. పాతదాన్ని పీకబోతే చిన్నతాతయ్యే వద్దన్నాడు. ఇవాళ్టికీ ఏటా దాని మీదికి బీర పాకుతుంది.

కలరా పోయి ఆరేళ్ళయింది. యుద్ధం పోయింది, దొరలు పోయారు. మామ్మ మాత్రం కంకిపాడు సంతలో కాడ కొనలేదు. సంత వైపు పని పడితే ముక్కు తిప్పుకుని చుట్టూ తిరిగి పోతుంది. మొన్న ఆ తోటకూర ఆవిడే ఎదురై "బావున్నావా అమ్మా?" అంటే, మామ్మ తన బుట్టలోంచి రెండు కట్టలు తీసి ఆవిడ చేతిలో పెట్టి, "ఊరికే తీసుకో" అనేసి వచ్చింది. నేను పక్కనే ఉన్నాను. నాకు పండగలా ఉంది.

ఇదంతా రాసి నిన్న మామ్మకి చదివి వినిపించాను. బీరకాయ పీచు చీల్చి గింజలు దులుపుకుంటూ విన్నది. సముద్రంలో పడి చచ్చిన కలరా దగ్గర నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. చివరిదాకా విని, "అయిందా?" అంది.

"అయింది. ఎలా ఉంది మామ్మా?"

"నన్ను చూసి పారిపోయిందా? పోయి ఆ నలుగురి ఇళ్ళల్లో చదువు ఈ ముక్క, చెప్పుతో కొడతారు. నేను దేన్నీ ఓడించలేదే. కొనలేదు, అంతే. అది రాసుకో. ఆ మొదటి కాయితం ఇటియ్యి, గింజలు పొట్లం కట్టాలి."