మాబమ్మవ్వ బిందె

మా చిన్నప్పుడు... జమ్మలమడుగులో మా వీధి కొళాయికి నీళ్లు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలిసేది కాదు. అందుకే తెల్లారేసరికి బిందెలు వరుసలో పెట్టి మనుషులు ఇళ్లలో పనులు చూసుకునేవాళ్లు. బిందె ఉంటే మనిషి ఉన్నట్టే! వెనకున్నవాళ్లు తమ బిందెతో పాటు ముందు బిందెనూ జరపాలి. దాని వంతు వస్తే పట్టి పక్కన పెట్టాలి... అదీ మా వీధి పద్ధతి.

మా ముందు ఎప్పుడూ పక్కింటి మాబమ్మవ్వ సత్తు బిందె ఉండేది. మెడకు ఎర్రగుడ్డ పేలిక కట్టి ఉండేది. దాన్ని జరపడం నా పని. ఓరోజు ఆటలో పడి మరిచిపోతే మా అమ్మ నా వీపు విమానం మోత మోగించింది. "పసిబిడ్డమ్మా, కొట్టాకు" అని అవ్వే అడ్డమొచ్చి నా చేతిలో బెల్లం ముక్క పెట్టింది.

నాకు పిల్లలు పుట్టాక, అదే వీధిలో ఉండగానే కరోనా వచ్చింది. గుంపులు కూడతారని కొళాయి కట్టేశారు. రెండ్రోజులకోసారి ట్యాంకరు. ఫోను ఎత్తితే చాలు, చేతులు కడుక్కోండని ఒకటే గోల... ఏ నీళ్లతో కడుక్కోవాలి? తాగడానికే లేవు!

నేల మీద సున్నంతో గుండ్రాలు గీశారు. అవ్వ వాళ్లాయన అప్పటికే మంచాన పడి ఉన్నాడు. ఆమె తన గుండ్రంలో బిందె పెట్టి, "తాత మంచం తడుపుకున్యాడు పాపా, గుడ్డలు మార్చి వస్తా" అని పోయింది. అలవాటే కదా.

వరుస కదిలింది. వెనక గుండ్రంలో ఉన్నది నేనే. ఆ బిందె ముట్టుకుంటే ఏమవుతుందోనని భయం... ఇంట్లో పిల్లలున్నారని నాకు నేనే చెప్పుకున్నాను. దాని పక్కనుంచి ముందుకు పోయాను. నా వెనకవాళ్లూ అంతే.

అవ్వ వచ్చేసరికి ట్యాంకరు ఖాళీ. ఆమె బిందె పెట్టిన చోటే ఉంది.

"ఎవురూ జరపల్యా పాపా?" అంది. తిట్టలేదు. "తాతను కడిగేకి కూడా ల్యావే..." అనుకుంటూ ఒట్టి బిందె చంకనెత్తుకుని పోయింది.

నా నీళ్లలో సగం ఆమె బిందెలో దూరం నుంచైనా పోసి ఉండొచ్చు. అప్పుడు తోచలేదు... అబద్ధం. తోచింది. పోయలేదు.

కొళాయి మళ్లీ తెరిచాక అందరం ఎప్పటిలాగే బిందెలు పెట్టి ఇళ్లకు పోయేవాళ్లం. అవ్వ మాత్రం నడుం పట్టుకుని అక్కడే నిలబడేది. "నువ్వు పో అవ్వా, నేను జరుపుతా గదా" అన్నాను ఓరోజు.

"వద్దులే పాపా... నిలబడతా" అంది.

ఇప్పుడు మా ఇంట్లోనే కొళాయి ఉంది. అవ్వ లేదు. మీ బిందె జరిపినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల గురించి కింద రాయండి... నేను చదువుకుంటాను.