కుందేళ్ల ఆటకు షిజుయే అక్క తీర్పు

షిజుయే అక్క తన రెండో ఉద్యోగం సంగతి ఆరేళ్లు మా దగ్గర దాచింది. ఇతబాషి పేటలో ఒక బడి వంటశాలలో ఇద్దరం పక్కపక్కనే నిలబడి నాలుగు వందల మంది పిల్లలకు మిసో సూప్ కాచేవాళ్లం. నెలకు రెండు రోజులు సెలవు పెట్టి ఎటో వెళ్లొచ్చేది. అడిగితే పళ్ల డాక్టరు అనేది. అన్నిసార్లు వెళ్తే ఈపాటికి నోట్లో ఒక్క పన్నూ మిగలకూడదే అని ఏడిపించేదాన్ని. నవ్వి ఊరుకునేది.

అసలు సంగతి ఏమిటంటే, వీడియో ఆటలు ఏ వయసు పిల్లలకు తగినవో తేల్చే సంస్థలో ఆమె పరీక్షకురాలు. ఆటల కంపెనీలతో పొత్తు లేని మామూలు మనుషులనే అక్కడ పెట్టుకుంటారు. బడి టీచరు, బట్టల కొట్టాయన, మా అక్కలాంటి వంటమనిషి. చూసిన ఆట గురించి ఇంట్లోవాళ్లకు కూడా చెప్పనని సంతకం చేయించుకుంటారు. ఆ పని పోయాక నాకు ఈమాత్రమైనా చెప్పింది. ఆట పేరూ కంపెనీ పేరూ నేనెంత గుచ్చి అడిగినా నోరు విప్పలేదు.

అక్కడ ఆటను ఆడరు, చూస్తారు. రక్తం, బూతు, సరసం, ఇలా తమ ఆటలో గట్టివనిపించే చోట్లన్నీ ఏరి కంపెనీయే ఒక వీడియో చేసి పంపాలి. ముగ్గురు పరీక్షకులు విడివిడిగా చిన్న గదుల్లో కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని చూసి, కాగితం మీద ఉన్న గడుల్లో టిక్కులు పెట్టి, కింద తమ ముద్ర వేసి ఇచ్చేస్తారు. ఇద్దరు ఎటు మొగ్గితే తీర్పు అటు. ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు.

అక్క చివరిసారి వెళ్లిన రోజు వచ్చింది పాట తాళానికి బటన్లు నొక్కే ఆట. ఇంటిల్లిపాదీ కలిసి ఆడేదట. కుందేళ్ల కుటుంబం రోట్లో మోచి, అంటే జిగురు బియ్యపు ముద్ద, దంచుతుంది. నాన్న కుందేలు, అమ్మ కుందేలు రోకళ్లు వేస్తుంటే, రెండు దెబ్బల మధ్య పిల్ల కుందేలు చెయ్యి పెట్టి ముద్దను తిప్పాలి. పాటకు సరిగ్గా బటన్ నొక్కితే ముద్ద తిరుగుతుంది. చూడ ముచ్చటగా ఉందని, సాయంత్రం దాకా కూర్చోనక్కర్లేదు, తొందరగా ఇంటికి పోవచ్చని సంతోషించింది మా అక్క.

తాళం తప్పినప్పుడు ఏమవుతుందో ఆ తర్వాత వచ్చింది. రోకలి చేతి మీద పడదు. అమ్మ కుందేలు రోకలి పైకెత్తి అలాగే ఆగిపోతుంది. పాట ఆగిపోతుంది. నాన్న, తాత, అవ్వ అందరూ పిల్ల కుందేలు వైపు చూస్తారు. ఎవరూ ఏమీ అనరు. పిల్ల కుందేలు కొంచెం చిన్నదవుతుంది. పాట మళ్లీ మొదలవుతుంది. ఇంకో తప్పు, ఇంకొంచెం చిన్నది. పాట చివరికి అది బొటనవేలంత అయిపోయి, రోటి అంచు అందక ఎగురుతూ ఉంటుంది. వెనకనుంచి నవ్వులు వినిపిస్తాయి.

షిజుయే అక్క ఆ ముక్క తొమ్మిదిసార్లు వెనక్కి తిప్పి చూసింది. కాగితం చూస్తే అందులో దీనికి గడి లేదు. రక్తం లేదు, దెబ్బ లేదు, చెడ్డమాట లేదు. అన్నీ ఖాళీగా వదిలేస్తే 'అందరికీ' అన్న ముద్ర పడుతుంది, నాలుగేళ్ల పిల్ల చేతికి కూడా వెళ్తుంది. ఐదింటికల్లా కాగితం ఇవ్వాలి.

అధికారి మిజుకోషి దగ్గరికి వెళ్లి, గడుల్లో లేనిది రాయాలంటే ఎక్కడ రాయాలని అడిగింది. ఆయన చాలా మర్యాదస్తుడు. ఉన్న గడుల్లోనే చెప్పగలిగింది చెప్పమన్నాడు. కుందేళ్లు కదండీ, అని చిన్నగా నవ్వాడు కూడా.

ఆ నవ్వుతో అక్కకు అసలు భయం పట్టుకుంది. మిగతా ఇద్దరూ కూడా ఇలాగే నవ్వి ఊరుకుంటున్నారేమో. తప్పు ఆటలో ఉందా, తన కంట్లో ఉందా? ఎందుకంటే ఆ ఎత్తిన రోకలిని ఆమె గుర్తుపట్టింది. కూతురు కనాఎకు ఐదో ఏటినుంచి పదకొండో ఏటి దాకా పక్కన కూర్చుని పియానో సాధన చేయించింది తనే. పదకొండో ఏట ఆ పిల్ల ఇక వాయించనంది, ఎందుకో చెప్పలేదు. ఇప్పుడు నగోయాలో ఉద్యోగం. ఏడాదికి రెండుసార్లు వచ్చి, అన్నం తిని, వెళ్లిపోతుంది. ఈ అనుమానం తేలకుండా ముద్ర వేస్తే, అది ఆటకు చెప్పిన తీర్పు కాదు.

మధ్యాహ్నం భోజనాల వేళ మెట్లమీద నిలబడి కూతురికి ఫోన్ చేసింది. ఆట మాట ఎత్తకుండా ఒక్క ప్రశ్న అడిగి పెట్టేద్దామనుకుంది.

"కనాఎ, చిన్నప్పుడు నువ్వు పియానో తప్పు వాయిస్తే నేను కోప్పడేదాన్నా?"

"ఇప్పుడెందుకమ్మా అది?"

"ఊరికే. చెప్పవే."

కనాఎ అవతల ఏదో నములుతోంది. నమలడం ఆపింది.

"కోప్పడేదానివి కాదు. ఏమీ అనేదానివే కాదు. తప్పు పడగానే పియానో మూత మీద చెయ్యి వేసి కూర్చునేదానివి. నేను స్వరాల కాగితం చూసేదాన్ని కాదమ్మా, నీ చెయ్యి చూసేదాన్ని. ఇప్పుడు దించుతావా, ఇంకాసేపాగి దించుతావా అని."

"నీ వేళ్ల మీద ఎప్పుడూ వెయ్యలేదు కదే."

"వెయ్యలేదు. వేసుంటే ఒక్కసారి నొప్పెట్టి పోయేది."

అక్క మెట్టు మీద కూర్చుంది. ఎందుకు అడుగుతున్నావని కనాఎ మళ్లీ అడిగింది. అప్పుడు నోరు జారింది. రోలు, ఎత్తిన రోకలి, చిన్నదైపోయే పిల్ల కుందేలు, అన్నీ చెప్పేసింది. చెప్పాకగాని చేసిన పనేమిటో తెలియలేదు.

గదిలోకి తిరిగి వెళ్లి హింస అన్న గడిలో టిక్కు పెట్టింది. ఏ దృశ్యమో రాయాల్సిన చోట 'రోకలి ఎత్తి ఆపినప్పుడు' అని రాసింది. ముద్ర వేసింది. ఇక అక్కడితో ఊరుకుని కాగితం ఇచ్చి ఇంటికి పోవచ్చు. మెట్ల మీద ఎవరూ లేరు, కూతురు ఎవరికీ చెప్పదు. మిగతా ఇద్దరిలో ఒక్కరు ఇటు మొగ్గినా ఆ ఆట చిన్నపిల్లల చేతికి పోదు. నేనైతే నోరు కుట్టేసుకుని వచ్చేదాన్ని, ఇప్పటికీ అదే అంటాను. కానీ గరిటెలు తోమే బ్రష్షులో ఒక్క పోచ ఊడి కనిపించలేదని నాలుగు వందల మంది సూప్ పారబోయించిన మనిషి ఆమె. ఆ రోజు పిల్లలు ఉత్త అన్నం తిని మమ్మల్ని తిట్టుకున్నారు.

కాగితం మిజుకోషి ముందు పెట్టి, నడుం వంచి, ఆట సంగతి బయట చెప్పానని ఒప్పుకుంది.

ఆయన కాగితం చదివి, అక్కను ఇంటిపేరుతో పిలిచాడు. "నెమొతో గారూ, మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు."

"నాకు తెలుసు కదండీ."

"అయితే ఇది చెల్లదు. మీరు రాసింది సరైనదే అయినా చెల్లదు."

ఆమె బదులు మరొకరిని పిలిపించారు. ఆమెను ఆ వారమే తీసేశారు.

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం కనాఎ తనంతట తనే ఫోన్ చేసింది. అది ఎప్పుడూ జరగనిది. నగోయాలో కొట్టు అద్దంలో కుందేళ్ల డబ్బా చూసిందట, 'అందరికీ' అన్న ముద్ర ఉందట. ఆ ముద్ర నువ్వే వేశావా అని అడిగింది. తన కాగితం చెల్లలేదని, అది తాను నోరు జారడం వల్లేనని అక్క చెప్పింది.

"ఆ చెల్లని కాగితంలో ఏం రాశావ్?"

సంతకం చేసిన మనిషి, జవాబు చెప్పకూడదు. అయినా చెప్పింది. "హింస అని."

"తీర్పు సరిగ్గానే చెప్పావమ్మా," అంది కనాఎ. "పదహారేళ్లు ఆలస్యమైంది, అంతే."