ఒక్కపొద్దు, పొడి డబ్బా

2021 జనవరిలో, పతంగుల పండగ వెళ్ళిన వారానికి, సూరత్‌లో నేను పనిచేస్తున్న ఆసుపత్రి తన కిడ్నీ మార్పిడి విభాగాన్ని మళ్ళీ తెరిచింది. కరోనా వల్ల అప్పటిదాకా ఆ గదులకు తాళమే. సీనియర్ డైటీషియన్‌గా నన్ను అక్కడికి వేశారు. డయాలిసిస్ మీద ఉన్నవాళ్ళ తిండి, కిడ్నీ ఇవ్వడానికి ముందుకొచ్చినవాళ్ళ తిండి, రెండూ నా బాధ్యతే. మా ఉద్యోగానిది విచిత్రమైన హోదా. వంటగదివాళ్ళు మమ్మల్ని డాక్టర్లనుకుంటారు, డాక్టర్లేమో వంటగది మనుషులనుకుంటారు. ఆ రెంటి మధ్యా ముప్పై ఏళ్ళు నెట్టుకొచ్చినదాన్ని కాబట్టి నాకు నోరు కాస్త ఎక్కువని పేరు. ఆ పేరులో అబద్ధమేమీ లేదు.

తెరిచిన మొదటి వారంలోనే నా బల్ల ముందు కూర్చున్న దంపతులు రాజమల్లు, సుగుణ. జగిత్యాల దిక్కు నుంచి వచ్చి సూరత్‌లోనే నవాగామ్ అనే పేటలో ఉంటున్నవాళ్ళు. రాజమల్లు మరమగ్గాల కార్ఖానాలో జాబర్, అంటే మగ్గం ఆగిపోతే విప్పి సరిచేసే మిస్త్రీ. సుగుణ ఇంట్లోనే కూర్చుని, సలాబత్‌పురా బట్టల బజారు నుంచి వచ్చే చీరల మూటలు విప్పి, వేలాడే దారాలు కత్తిరించి, మడతపెట్టి పంపేది. రెండు కిడ్నీలూ చెడిపోయి రాజమల్లు వారానికి మూడుసార్లు మా దగ్గర డయాలిసిస్ యంత్రం మీద పడుకునేవాడు. లాక్‌డౌన్‌లో వాళ్ళ గల్లీ గల్లీ అంతా రైళ్ళెక్కి ఊళ్ళకు పోయింది. యంత్రం ఇక్కడుంది కాబట్టి వీళ్ళిద్దరూ ఉండిపోయారు.

కిడ్నీ ఇవ్వడానికి రాజమల్లు అన్న ముందుకొస్తే ఆయనకు షుగరు. చెల్లెలి రక్తం గ్రూపు కలవలేదు. సుగుణది కలిసింది. అడ్డమొచ్చింది ఒక్కటే, ఆమె బరువు. మనిషి పొట్టి, బరువేమో ఎనభై ఆరు కిలోలు. ఎత్తుతో పోల్చి బరువు చూసే లెక్కలో మేము పెట్టుకున్న గీతకు చాలా పైన ఉంది. అంత కొవ్వు మధ్యలోంచి కిడ్నీ తీయడం సర్జన్‌కు కష్టం. పైగా రేపటినుంచి ఒక్క కిడ్నీతో బతకాల్సిన ఆమెకు ఆ బరువు మున్ముందు ఇంకా చేటు. పది కిలోలు తగ్గితేనే ఆపరేషన్ అన్నారు మా పెద్ద డాక్టరు. అదీ త్వరగా తగ్గాలి. కరోనా మళ్ళీ పెరిగితే విభాగం మళ్ళీ మూతపడుతుందని అందరికీ తెలుసు. రాజమల్లు గుండె అప్పటికే నీరసపడుతోంది. ఇంకో ఏడాది యంత్రం మీద లాక్కొస్తాడన్న ధీమా మాలో ఎవరికీ లేదు.

అలాంటి అవసరంలో మేము వాడే పద్ధతి ప్రొటీన్ షేకుల పథ్యం. రోజుకు నాలుగు పూటలా కొలత ప్రకారం పొడిని నీళ్ళలో కలిపి తాగాలి. మధ్యాహ్నం నూనె తక్కువ వేసి వండిన కూరగాయలు ఒక గిన్నెడు. చాయ్ తాగితే పాలూ చక్కెరా లేకుండా. అన్నం, రొట్టె, పప్పు, పండు, ఏదీ లేదు. ఆ పొడి కండల కోసం అంగట్లో అమ్మే రకం కాదు. తిండి మొత్తం మానేసినవాళ్ళకు ఏ లోటూ రాకుండా విటమిన్లు, ఖనిజ లవణాలు కూడా కలిపి తయారుచేసేది. శరీరానికి శక్తి చాలదు కాబట్టి కొవ్వును కరిగించుకుంటుంది, ప్రొటీన్ అందుతుంది కాబట్టి కండను వదిలేస్తుంది. సూత్రం అంతే. ఆ ఏడాది ఇంట్లో కూర్చుని లావెక్కిన సూరత్‌లో సగం మంది నాకు ఫోను చేసి, బెన్, అంటే అక్కా, ఆ షేకులేవో మాకూ చెప్పండి అని అడిగినవాళ్ళే. ఒక్కరికీ చెప్పలేదు. ప్రతివారం రక్తం, మూత్రం చూసే దిక్కు లేకుండా చేస్తే అది పథ్యం కాదు, పిచ్చి.

సుగుణకు ఇదంతా ఓపిగ్గా చెప్పాను. ఆమె ముఖం విప్పారింది.

"గంతేనా మేడం! ఒక్కపొద్దు లెక్కనే గదా. నాకు మస్తు అలవాటు."

"ఒక్కపొద్దు కాదమ్మా. నాలుగు పూటలా తాగి తీరాలి" అన్నాను.

తలూపింది. డబ్బాలు మా మందుల గదినుంచే ఇప్పించాం. ఖాళీ డబ్బా తిరిగి ఇస్తేనే కొత్తది ఇవ్వడం మా నియమం.

ప్రతివారం నేను చూసేవి నాలుగు. బరువు, రక్తపోటు, మూత్రంలో ముంచే పట్టీ రంగు, పిడికిలి పట్టు. పట్టీ ఎంత ముదురు రంగుకు మారితే శరీరం అంతగా తన కొవ్వు మీద పడి బతుకుతోందని అర్థం. కొద్దిగా మారాలి, మరీ నల్లబడకూడదు. పిడికిలి పట్టు చూడటానికి చేతిలో పట్టుకుని నొక్కే చిన్న సాధనం ఉంటుంది. బరువు తగ్గినా పట్టు తగ్గకూడదు. తగ్గిందంటే కొవ్వుతోబాటు కండ కూడా పోతోందన్నమాట.

సుగుణ బరువు దిగడం మొదలుపెట్టింది. అబ్బో, ఎంత వేగంగా దిగిందంటే మా పెద్ద డాక్టరు నడవాలో నన్ను ఆపి మరీ మెచ్చుకున్నారు. ఆయన మెచ్చుకోవడం అరుదు కాబట్టి సంతోషపడాల్సిందే. కానీ నాకు మనసొప్పలేదు. పట్టీ నేననుకున్నదానికంటే ముదురుగా వస్తోంది. పిడికిలి పట్టు వారం వారం తగ్గుతోంది. కత్తెర పట్టుకుంటే చేతులు వణుకుతున్నాయని ఆమే చెప్పింది. పొడి తాగుతున్నావా అని గట్టిగా అడిగాను. కడిగి, తుడిచి, మూతపెట్టిన ఖాళీ డబ్బాలు సంచిలోంచి తీసి నా బల్ల మీద పెట్టింది.

"గివేంది మరి మేడం? నేను అబద్ధమాడ్తున్ననా?"

ఖాళీ డబ్బాలతో ఎవరు వాదిస్తారు?

అదే రోజుల్లో డయాలిసిస్ టెక్నీషియన్ జిగ్నేష్‌భాయ్ నా మీద ఫిర్యాదుకొచ్చాడు. మూత్రం రానివాళ్ళు తాగిన నీళ్ళన్నీ ఒంట్లోనే నిలుస్తాయి. అందుకని ఒక డయాలిసిస్‌కూ ఇంకోదానికీ మధ్య ఎంత బరువు పెరిగారో ప్రతిసారీ తూస్తారు. రాజమల్లుకు ఆ బరువు పెరుగుతోంది. దానికి తోడు ఒళ్ళంతా దురదలు, రక్తంలో ఫాస్ఫరస్ పెరిగిన గుర్తు. నీ తెలుగాయనకు ఏం తినమని చెబుతున్నావు బెన్ అని జిగ్నేష్‌భాయ్ నిలదీశాడు. అది పోంక్ రోజులు, లేత జొన్నలు కాల్చి సన్న కారప్పూస కలిపి తాపీ నది ఒడ్డున బళ్ళ మీద అమ్ముతుంటారు. జొన్నలంటే ప్రాణం పెట్టే మనిషి ఆగలేక తింటున్నాడని తేల్చేసుకుని రాజమల్లును చెడామడా తిట్టాను. పాపం, అతను దేవుని మీద ఒట్టేశాడు.

ఫిబ్రవరిలో ఒకనాడు పొద్దున రాజమల్లు కాళ్ళు ఈడ్చుకుంటూ వచ్చాడు. రక్తంలో పొటాషియం విపరీతంగా ఉంది, ఈసీజీలో గీతలు మారిపోయాయి. పొటాషియం అంత పెరిగితే గుండె ఏ క్షణాన్నైనా ఆగిపోవచ్చు. పెద్ద డాక్టరు పరుగున వచ్చి ఇంజెక్షన్లు ఇచ్చి, వరుసలో ఉన్నవాళ్ళను ఆపి, అతన్ని యంత్రం మీదికి ఎక్కించారు. యంత్రం తిరిగి అతను కాస్త తేరుకున్నాక మంచం పక్కన నిలబడ్డాను.

"ఏం తిన్నావో నిజం చెప్పు రాజమల్లూ. ప్రాణం మీదికొచ్చింది" అన్నాను.

"ఏం తింట మేడం, నాలుకే సచ్చిపోయింది. మీరు పంపిన పాలే తాగుతున్న, దినాం నాలుగు సార్లు."

"నేనేం పాలు పంపాను?"

"గదే మేడం, తాకతు డబ్బ. సుగుణ పాలల్ల కలిపిస్తది. డాక్టరమ్మ నీ కోసమే పంపిందన్నది."

తాకతు అంటే బలం. ఆమె కోసం ఇచ్చిన పొడినే బలం మందని చెప్పి అతనికి పోస్తోంది. ఆ పొడిలో ఉన్న పొటాషియం, ఫాస్ఫరస్ కిడ్నీలు పనిచేసే మనిషికి మేలు చేసేవే. వాటిని బయటికి పంపే కిడ్నీలే లేని మనిషికి అవి విషం. అది చాలనట్టు పాలలో కలిపి మరీ ఇచ్చింది.

సుగుణ బయట బెంచీ మీద కూర్చుని ఉంది. నాకు ఒళ్ళు మండిపోతోంది. మెల్లగా అడుగుదామనుకున్నాను గానీ నా గొంతు నడవా చివరికి వినపడింది. ఎవరిని తాగమన్నాను, ఎవరికి పోశావు అని అరిచాను. ఆమె తల వంచుకోలేదు. నా ముఖంలోకే చూసింది.

"ఆయన సూడుండ్రి ఎట్ల బక్కగయ్యిండో. నేనేమో గింత లావున్న. తాకతు డబ్బ నేను తాగుకుంట ఆయన మొకం సూడాల్నా మేడం? నాకు గొంతు దిగుతదా?"

"మరి నువ్వేం తాగావు?"

"సక్కెర లేని చాయ్. సోమారం, శనారం ఎట్లయినా ఒక్కపొద్దుంటుంటి. ఇగ దినాం ఉంటున్న. లావు తగ్గుతది, ఆయన పేరు మీద మొక్కు సుత తీరుతది."

ఆ పొడి అతనికి ఏం చేస్తుందో, ఇవాళ ఏం చేసిందో చెప్పాను. "నా చేతులారా నేనే సంపుతుంటినా?" అని చాలా చిన్న గొంతుతో అడిగింది. చంపలేదు, లోపల బాగానే ఉన్నాడు అన్నాను. నా కోపం ఎటు పోయిందో తెలియదు, ఏడుపొచ్చింది. మాస్కు ఉండబట్టి బయటపడలేదు.

దాతల సంగతి తేల్చడానికి మా విభాగం వారానికోసారి కూర్చునేది. డాక్టర్లు, సర్జన్, మత్తు డాక్టరు, సోషల్ వర్కర్, చివరి కుర్చీలో నేను. ఇప్పుడే మాట వినని మనిషి రేపు ఒక్క కిడ్నీతో ఏం జాగ్రత్త పడుతుంది, ఆమెను తీసేసి అతని పేరు చనిపోయినవాళ్ళ అవయవాల కోసం వేచి ఉండే జాబితాలో పెడదాం అన్నాడు సర్జన్. మాట సబబే. కానీ ఆ జాబితా కరోనాలో కదలనే లేదని అందరికీ తెలుసు. చివరి కుర్చీలోంచి నేను లేచాను. ఆమె తిండికి ఆగలేక మాట తప్పలేదండీ, తినకుండా తప్పింది. ఇంకొక్క అవకాశం ఇవ్వండి, పూచీ నాది అన్నాను. పెద్ద డాక్టరు ఒప్పుకుని, ముందు ఒంట్లోని లోటు పూడ్చి మళ్ళీ మొదలుపెట్టమన్నారు.

ఈసారి డబ్బా సుగుణ చేతికి ఇవ్వలేదు. రాజమల్లు చేతిలో పెట్టాను.

"ఇది నీ మందే రాజమల్లూ. కాకపోతే ఆమె తాగాలి. నువ్వే కలుపు, నీళ్ళలో. నువ్వే తాగించు. నువ్వు ఒక్క చుక్క ముట్టుకున్నా నాకు తెలిసిపోతుంది."

అతను డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇరువై ఏండ్లాయె మేడం, ఆమె పెడితే తినుడే గనీ నేనెన్నడు ఆమెకు చాయ్ సుత పొయ్యలే" అన్నాడు. ఇప్పుడు పోయాలి మరి అన్నాను.

తర్వాతి వారం సుగుణ ఫిర్యాదు చేసింది. "జర చెప్పుండ్రి మేడం. గడ్డ గిట్ట లేకుంట గిలక్కొడ్తడు, తాగేదాంక పక్కకు జరగడు. మగ్గం కాడ నిలవడ్డట్టే నిలవడ్తడు." నవ్వుతోంది. పట్టీ రంగు తేలికైంది, పిడికిలి పట్టు తిరిగొచ్చింది. బరువు మెల్లగా, పద్ధతిగా దిగింది. మార్చి నెల సగం దాటేసరికి సర్జన్ అడిగిన అంకెకు వచ్చింది.

అయితే కిడ్నీ పనితీరు పరీక్షను పొడి తాగుతుండగా చేయకూడదు. ప్రొటీన్ ఎక్కువైనప్పుడు కిడ్నీ మామూలుకంటే ఎక్కువ పనిచేసి, ఉన్న బలం కంటే ఎక్కువ చూపిస్తుంది. అందుకని కొన్నాళ్ళు మామూలు తిండి పెట్టి, ఆ తర్వాత పరీక్ష చేస్తాం. ఆ కొన్నాళ్ళలోనే సూరత్‌లో రెండో అల విరుచుకుపడింది. మా విభాగం మంచాలన్నీ కరోనా రోగులకు ఇచ్చేశారు. డయాలిసిస్ ఒక్కటే మిగిలింది. మొదటి డబ్బాలు సరిగ్గా తాగి ఉంటే ఆపరేషన్ అప్పటికే అయిపోయేది. ఆ మాట నేను అనలేదు. సుగుణే అంది, ఒకసారి. నేను ఆ వారం బరువెంతో అడిగాను.

ఏప్రిల్, మే, జూన్. ఇలా త్వరగా తగ్గిన బరువు అంతే త్వరగా తిరిగొస్తుందని మా వృత్తిలో అందరికీ తెలుసు. అసలు కష్టం తగ్గించడంలో కాదు, నిలబెట్టడంలో ఉంది. జొన్నరొట్టె, పప్పు, కూర కొలతలు ఫోనులో చెప్పేదాన్ని, కొలిచి పెట్టేది రాజమల్లే. ఆమెకు రెండు రొట్టెలు పెట్టి, తనకు విధించిన చప్పిడి తిండి తాను తిని, వారానికి మూడుసార్లు రెండు మాస్కులు కట్టుకుని యంత్రం దగ్గరికి వచ్చేవాడు. ఆ వేసవిలో మా డయాలిసిస్ గదిలో కొన్ని మంచాలు ఖాళీ అయ్యాయి. ప్రతిసారీ తలుపు తీయగానే ముందు అతని మంచం వైపు చూసేదాన్ని.

వానలు పడ్డాక విభాగం తెరిచారు. సుగుణను తూకం మీద నిలబెట్టాం. మార్చిలో ఉన్నదానికంటే ఒక కిలో తక్కువే ఉంది. పరీక్షలన్నీ అయ్యాక ఆగస్టులో ఆపరేషన్ జరిగింది. కుట్లు వేస్తుండగానే కొత్త కిడ్నీ మూత్రం పోయడం మొదలుపెట్టిందని సర్జన్ బయటికొచ్చి చెప్పాడు, నాకు ప్రత్యేకంగా. మూడోరోజు సుగుణ నెమ్మదిగా నడుచుకుంటూ అతని గది అద్దం దాకా వచ్చింది. లోపలినుంచి రాజమల్లు, తిన్నావా అన్నట్టు నోటి దగ్గర చెయ్యి పెట్టి సైగచేశాడు.

మరుసటి ఏడాది రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉన్న ఆ మిగతా నెలల్లో ఈ ఉదంతం నా పనిలో మార్చింది ఒక్కటే. అంతకుముందు ఆడవాళ్ళకు ఏ పోషకాహారం రాసిచ్చినా, మళ్ళీ వచ్చినప్పుడు "తాగుతున్నారా?" అని అడిగేదాన్ని. తాగుతున్నామని తడుముకోకుండా చెప్పేవారు. ఆ తర్వాత "మీ ఇంట్లో ఇది ఎవరెవరు తాగుతున్నారు?" అని అడగడం మొదలుపెట్టాను. ఆ ప్రశ్నకు చాలామంది వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ముందు తలుపు వైపు చూసేవారు, ఇంట్లోవాళ్ళు వింటున్నారేమోనని.