లెటర్లో సారు చేర్చిన మాట

నా పేరు షంషాద్. ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు ఇంటర్ కాలేజీలో లెక్కలు చెప్తాను. కీర్తన అదే కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్. రోజూ జమ్మలమడుగు నుంచి బస్సులో వచ్చి పోతుంది. స్టాఫ్ రూంలో నా పక్క కుర్చీ ఆమెదే. పై చదువుకు అప్లికేషన్లు పెట్టిన సంవత్సరం ఆమె పడిన కోపమంతా నా పక్కన కూర్చునే పడింది. అందులో సగం నాకూ అంటుకుంది.

కీర్తనకు గ్రీకు వచ్చు. ఇప్పటి గ్రీకు కాదు, రెండు వేల ఏళ్ళకు పైబడిన పాతది. నేర్పింది వాళ్ళమ్మ తండ్రి శుభాకర్ అయ్యగారు. ఆయన పాస్టరు. వయసులో ఉన్నప్పుడు బెంగుళూరుకు పాస్టర్ల చదువుకు పోయి, బైబిలు వాక్యం మూలభాషలోనే చదవాలని పట్టుబట్టి నేర్చుకున్నాడట. ఆయన తండ్రి మిషను బడిలో అక్షరాలు దిద్దుకున్న మనిషి, ఊరి బయట వాళ్ళ పేటలో సంతకం పెట్టడం వచ్చిన మొదటివాడు. మనవరాలు మూడో తరగతిలో ఉండగా అయ్యగారు ఆమె చేత పలక మీద గ్రీకు అక్షరాలు దిద్దించినాడు. పిల్ల వదల్లేదు, ఆయనా వదల్లేదు.

కొన్నాళ్ళకు తాత బైబిలు దగ్గరే ఉంటే, అదే గ్రీకుతో మనవరాలు వేరే దారి పట్టింది. అయ్యగారు చివరగా పనిచేసింది కొండాపురం దగ్గర ఒక పల్లెలో. గండికోట రిజర్వాయరు నీళ్ళలో ఆ ఊరు మునిగిపోయింది, ఆయన ప్రార్థన చేయించిన గుడి కూడా పోయింది. పరిహారం రాని వాళ్ళ తరఫున అర్జీలు పట్టుకుని తాత ఆఫీసులకు, కోర్టుకు తిరుగుతుంటే కీర్తన చేయి పట్టుకుని వెంట పోయేది. తర్వాత డిగ్రీలో ఉండగా ఇంటర్నెట్లో పాత గ్రీకు కోర్టు ప్రసంగాలు దొరికినాయి. పక్కవాడు గోడ కట్టి నీళ్ళు నా పొలం మీదికి మళ్ళించినాడని ఒకడు, అన్నదమ్ముల ఆస్తి కాజేసినారని ఒకడు. "ఇది ఏథెన్స్ కాదబ్బా, మన జమ్మలమడుగు కోర్టే" అని ఒకరోజు నాకు చదివి చెప్పింది. నిజంగానే అట్లే ఉండాది.

అది చదవడానికే పై చదువుకు పోవాలనుకుంది. క్లాసిక్స్ అంటారట, గ్రీకు, లాటిన్ భాషల్లో రాసినవి మూలంలో చదివే చదువు. ఇంగ్లండులో రెండు యూనివర్సిటీలకు, ఐర్లండులో ఒకదానికి అప్లికేషన్ పెట్టింది. వాళ్ళమ్మ జ్ఞానమ్మ ఆసుపత్రిలో నర్సు. ఆమె వద్దనలేదు, బీఈడీ చేసుకుంటే బడిలో పర్మినెంటు అవుతావు గదా అని మాత్రం అన్నం పెట్టిన ప్రతిసారీ అనేది.

మూడు చోట్లా రెండేసి రికమండేషన్ లెటర్లు అడిగినారు. ఒకటి ఆన్‌లైన్లో గ్రీకు చదివించే ఒక రిటైరైన టీచరమ్మ వెంటనే పంపింది. రెండోది ఎంఏలో చదువు చెప్పిన సార్ ఇయ్యాల్సి ఉండాది. ఆ సార్ పేరు రాజశేఖర్. రిటైరై పులివెందులలో సొంతింట్లో ఉంటాడు. ఊర్లో పరపతి ఉన్న కుటుంబం, పొలాలు, తోటలు ఉన్నాయి. కీర్తన ఆదివారం గుడి అయినాక బస్సెక్కి పోయింది. నువ్వే రాసుకుని రామ్మా, నేను పంపిస్తా అన్నాడు. మనల్ని మనమే పొగుడుకుని రాయాల్నా అని గొణుక్కుంటూనే రాసింది. ఏయే ప్రసంగాలు చదివిందో, ఏం పరిశోధన చేయాలనుకుంటోందో అన్నీ రాసి మళ్ళీ పోయి ఇచ్చింది.

ఆయన పంపలేదు. ఫోన్ చేస్తే పెండ్లిలో ఉన్నా అనేవాడు, తోట కాడ ఉన్నా అనేవాడు. మొదటి యూనివర్సిటీ గడువు దాటిపోయింది. లెటర్ రాలేదు కాబట్టి మీ అప్లికేషన్ చూడలేమని వాళ్ళు మెయిల్ పెట్టినారు.  ఆ రోజు ప్రిన్సిపాల్ స్టాఫ్ రూంకు వచ్చి యూనిట్ టెస్టు పేపర్లు దిద్దినావా అని అడిగితే, కీర్తన ఆయన మొఖం చూసిన చూపుకు నేనే భయపడి, దిద్దుతాండాది సార్ అని అడ్డం పడినా.

తర్వాత రాజశేఖర్ సారే ఫోన్ చేసి, మిగతా రెండింటికీ పంపించేసినా, బాగా రాసినా అన్నాడు. రాసిచ్చింది కీర్తన అయితే ఆయన రాసినా అనడమేందని మాకు అప్పుడు తట్టలేదు.

ఎదురుచూడటం మొదలైంది. డిసెంబరు, జనవరి అంతా అదే. కీర్తన మంచిగా ఎదురుచూసే మనిషి కాదు. బస్సులో ఫోన్ చూసేది, క్లాసుకు క్లాసుకు మధ్య చూసేది, చూసిన ప్రతిసారీ ఎవరో ఒకరి మీద విరుచుకుపడేది. వాళ్ళకు నేనంటే ఎంత అలుసుంటే ఇన్ని నెలలు నానబెడతారు అనేది. ఎవరన్నా గ్రీకు చదివితే ఏం జాబ్ వస్తాదని అడిగితే, నీ జాబ్ నువ్వు చూసుకోప్పా అని మొఖం మీదే చెప్పేది. ఫిబ్రవరిలో రెండో యూనివర్సిటీ కుదరదని నాలుగు లైన్లు రాసి ఊరుకుంది. కారణం చెప్పలేదు. ఇక మిగిలింది ఐర్లండు. వాళ్ళు మాత్రం వీడియోలో ఇంటర్వ్యూ చేస్తామన్నారు.

ఇంట్లో నెట్ సరిగా రాదని కాలేజీ అయినాక స్టాఫ్ రూంలోనే కూర్చుంది. నేను తలుపు దగ్గర కాపలా ఉండి పిల్లల్ని అరవనీకుండా చూసినా. అవతల ఇద్దరు ప్రొఫెసర్లు, ఒకామె, ఒకాయన. మొదట గ్రీకు పేరా ఒకటి చదివించినారు. గడగడా చదివి అర్థం చెప్పింది. ఆ ప్రొఫెసరమ్మ సంతోషంగానే తలూపింది. తర్వాత ఆయన శానా మర్యాదగా అడిగినాడు. మీ ప్రొఫెసర్ లెటర్లో మీరు మతభక్తితో గ్రీకు నేర్చుకున్నారని రాశారు, ఇక్కడ మేము చదివేది వేరే దేవుళ్ళను కొలిచిన మనుషుల రాతలు, మీకు ఇబ్బంది ఉండదా అని.  కీర్తన జవాబు చెప్పేలోపలే ఇంకో ప్రశ్న వేసినాడు. మీ దేశంలోనే అంత గొప్ప ప్రాచీన సాహిత్యం ఉంది కదా, దాన్ని వదిలిపెట్టి ఇదెందుకు అని.

ఆమె ఇంగ్లీషులో చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తుంది. మన మాటల్లో చెప్పాలంటే ఇది.

"ఆ సాహిత్యం చదివే వాకిలి మా ముత్తాతను తొక్కనియ్యలేదు. గ్రీకు మా ఇంటికి నడిచొచ్చింది. మా ఇంట్లో ఉన్నదాన్నే నేను చదువుతున్నా. నా చదువులో భక్తి ఏమీ లేదు. నేను చదివేది కోర్టు కేసులు."

 అవతలి ఇద్దరూ థాంక్యూ చెప్పి పెట్టేసినారు.

"పోయింది," అంది లాప్‌టాప్ మూసి. నేను కాదనలేదు. నాకూ పోయిందనే అనిపించింది.

ఆ ఆదివారం ఇద్దరం పులివెందులకు పోయినాము. ముద్దనూరు దాటినాక బస్సు ఖాళీ అయింది గానీ కీర్తన కూర్చోలేదు, కమ్మీ పట్టుకుని నిలబడే వచ్చింది. రాజశేఖర్ సార్ వరండాలో పేపర్ చదువుతున్నాడు. రామ్మా రా అని కుర్చీలు చూపించి, లోపలికి కేక వేసి కాఫీ చెప్పినాడు.

"సార్, నేను రాసిచ్చినదాంట్లో భక్తి అనే మాట లేదు," అంది కీర్తన నిలబడే.

ఆయన నవ్వినాడు. "నేను చేర్చినా లేమ్మా, నీ మంచికే. ఉత్తగా తెలివైన పిల్ల అంటే ఎవురు చూస్తారు? పేటలో పుట్టిన పిల్ల, ఏసుప్రభువు మీద భక్తితో గ్రీకు నేర్చుకునింది అంటే ఆ దేశమోళ్ళకు శానా ఇష్టం. జాలి పడి సీటిస్తారు."

అందులో తప్పేముందో ఆయనకు నిజంగానే తెలియదు. నాకు ఒళ్ళు మండింది అందుకే. తిట్టినా ఇంత మండేది కాదు.

"సార్, మీ దగ్గర రెండేండ్లు చదువుకున్నా. రెండేండ్లూ క్లాసులో నేనే ఫస్టు. ఆ ఒక్క మాట రాసింటే సాలు గదా," అంది. తర్వాత ఒక్క క్షణం ఆగి అడిగింది. "మీ అబ్బాయి పై చదువుకు పోయినప్పుడు మీరే గదా లెటర్లు రాయించింది. ఏ దేవుని మీద భక్తితో ఇంజనీరింగ్ చదివినాడని రాయించినారు?"

ఆయన చేతిలో పేపర్ కిందికి దిగింది. కాఫీ గ్లాసులు తెచ్చిన ఆయన భార్య గడపలోనే ఆగిపోయింది. సారు మొఖం గంటు పెట్టుకుని, సాయం చేసినందుకు మంచి మాటే చెప్పినావు, పెద్దాచిన్నా లేకుండా పోయింది మీకు అన్నాడు. మీకు అన్నది కీర్తన ఒక్కదాన్ని కాదు, ఆమె పేట మొత్తాన్నని ఆడున్న అందరికీ తెలుసు. ఐర్లండు వాళ్ళకు ఆ మాట తప్పని ఒక మెయిల్ పెట్టండి సార్ అని కీర్తన అడిగింది. పెట్టనన్నాడు. మేము గేటు దాటి వచ్చేసినాము. వెనక ఆయన ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు.

బస్టాండులో కూర్చుని తనే ఫోన్లో ఐర్లండు ప్రొఫెసరమ్మకు మెయిల్ రాసింది. ఆ లెటర్లో మాట నాది కాదు, నన్ను అడిగి రాయలేదు, నా గ్రీకును గ్రీకుగా చూడండి అని. బతిమాలుతున్నట్టు ఉండాదా అని నన్ను అడిగింది. లేదన్నా. పంపింది.

జమ్మలమడుగులో దిగి ఆమెతో పాటు వాళ్ళింటికి పోయినా. వాకిట్లో మంచం మీద శుభాకర్ అయ్యగారు, పక్కన జ్ఞానమ్మ ఉన్నారు. ఏమైందని అడిగితే కీర్తన అంతా చెప్పింది. నా చదువులో భక్తి ఏమీ లేదని వాళ్ళకు తేల్చి చెప్పేసినా తాతా అంది, గెలిచినట్టు.

 అయ్యగారికి చూపు తగ్గింది, మనవరాలు ఎటు నిలబడిందో వెతుక్కున్నాడు.

"నేను నీకు నేర్పింది భక్తితోనే గదమ్మా," అన్నాడు. "ఆ మాట వాడు రాసింది తప్పే. నిన్ను జాలి చూపించి అమ్మినాడు వాడు. దానికి నాకూ కోపమే. అయితే నువ్వు అది అబద్ధమన్నట్టు చెప్పినావే, అది నాకు నొచ్చింది."

 సాయంత్రం దాకా అరిచిన కీర్తన, తాత కాళ్ళ దగ్గర కూర్చుని, నాకు భక్తి లేదన్నా గానీ నీకు లేదనలేదు తాతా అంది మెల్లగా. ఆయన తల నిమరలేదు, క్షమించినా అనలేదు. అన్నం తినుపోండి అన్నాడు. జ్ఞానమ్మ లేచి పోయి, తండ్రికి వినబడకుండా నాతో, ఆ పులివెందులాయన్ను నేను పోయి అడగాల్సింది అంది.

మార్చి చివర్లో జవాబు వచ్చింది. సీటు లేదు. ప్రొఫెసరమ్మ విడిగా రాసింది. మీ గ్రీకు మాకు వచ్చిన వాళ్ళందరిలో మంచిది, మీకు లాటిన్ లేదు, అది నేర్చుకుని మళ్ళీ రండి, ఆ లెటర్‌ను మేము లెక్కలోకి తీసుకోలేదు అని. కీర్తన ఇది రెండుసార్లు చదివి కుర్చీని కాలితో తన్నింది. "ముందే చెప్పొచ్చు గదా. లాటిన్ కావాలంటే ముందే గట్టిగా రాయొచ్చు గదా. నేను ఎవురితో కొట్లాడినట్టు ఇన్ని నెలలు?" అంది. ఎవరితో అని నాకూ తెలియలేదు. అందరితోననే చెప్పినా.

లాటిన్ నేర్పే వాళ్ళు యాడున్నారని మొత్తం వెతికింది. చివరికి ప్రొద్దుటూరు దగ్గర కేథలిక్కుల బడిలో రిటైరైన ముసలి ఫాదర్ ఒకాయన ఉన్నాడని తెలిసింది. ప్రొటెస్టెంట్ పాస్టరైన అయ్యగారికి అది రుచించలేదు. వాళ్ళ దగ్గరికా అని మొఖం పక్కకు తిప్పుకున్నాడు. పాస్టర్ల చదువులో మాకు లాటిన్ వాళ్ళదని చెప్పి నేర్పలేదమ్మా అని తర్వాత తనే చెప్పినాడు. అప్పుడు ఆయనకు ఆ పాత సంగతి మీద కూడా కోపం వచ్చిందట. పో, నేర్చుకో, మనకు రాకుండా పోయింది ఏంది అన్నాడట.

ఏడాది దగ్గర దగ్గర నేర్చుకుంది. కాలేజీ అయినాక ఫాదర్ దగ్గరికి, ఆడనుంచి చివరి బస్సుకు. రికమండేషన్ లెటర్లు ఈసారి ఆ ఫాదర్, ఆన్‌లైన్ టీచరమ్మ రాసినారు. ఫాదర్ తను రాసింది పంపకముందు కీర్తనకు చూపించి, తప్పులుంటే చెప్పమ్మా అన్నాడు. చదివి బయటికొచ్చి ఏడ్చినానని ఆమె నాకు తర్వాత చెప్పింది. ఏడ్చింది సంతోషంతో కాదంట. ఇది ఇంత సులభంగా అయ్యే పనే గదా, ఆ సార్‌కు ఎందుకు చేతకాలేదు అని.

ఈ జనవరిలో ఐర్లండుకు, ఇంకో చోటుకు పెట్టింది. ఆ ఇంకో చోటు పోయిన వారమే వద్దంది. ఐర్లండు ఇంటర్వ్యూలో ఈసారి ఎవరూ దేవుని మాట ఎత్తలేదు, నీళ్ళు మళ్ళించిన కేసు మీదే శానాసేపు మాట్లాడించినారు. జవాబు ఇంకా రాలేదు. నిన్న మధ్యాహ్నం కీర్తన క్లాసులో ఒక పిల్లోడు గ్రామరు ఎందుకు మేడం, పరీక్షకు గైడు చాలు గదా అన్నాడట. వాణ్ణి బోర్డు దగ్గర నిలబెట్టి గంట కొట్టేదాకా వాక్యాలు విడగొట్టించడం పక్క క్లాసులో ఉన్న నాకు గోడ గుండా వినబడింది.