ఎన్నో నెలమ్మా?

నవ్వితే నవ్వుకోండి. గుణదల కొండెక్కి మేరీమాత ముందు నిలబడి చెప్పమన్నా ఇదే చెబుతాను. ఇది జరిగింది... నాకే జరిగింది.

బెంజ్ సర్కిల్ దగ్గర మా ఆఫీసు. మూడో అంతస్తు. మహిళా దినోత్సవానికి ఈసారి కేకులూ పూలూ వద్దు, మన ఊరి ఆడవాళ్ల చరిత్రను గోడలకెక్కిద్దామని నేనే అన్నాను. మేనేజరు గారు మురిసిపోయారు. ఊరంతా తిరిగి ఫొటోలు పోగుచేశాను. అందులో ఒకావిడ పటమట రత్నమ్మ. రైస్ మిల్లులో బియ్యం చెరిగేది. కడుపుతో ఉన్నవాళ్లను యజమాని పనిలోంచి తీసేస్తుంటే, తోటి ఆడవాళ్లను కూడగట్టి గేటు ముందు బైఠాయించింది. అందర్నీ మళ్లీ పనిలోకి తీసుకునేదాకా లేవలేదు. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఫొటో వాళ్లమ్మాయి ఇచ్చింది.

సరిగ్గా ఆ వారమే మా ఆఫీసులోనే పనిచేసే లావణ్య చేత రాజీనామా రాయించారు. ఏడో నెల ఆ పిల్లకి.

అడిగాను మేనేజరు గారిని.

"సుజాత గారూ, పోస్టర్ల పని బాగా చేస్తున్నారండీ. అది చూసుకోండి. ఇది దాంతో కలపకండి," అన్నారు. నవ్వుతూనే.

ఫంక్షనుకు ముందు రోజు రాత్రి. అందరూ వెళ్లిపోయారు. నేను కుర్చీ ఎక్కి రత్నమ్మ ఫొటో అంటిస్తున్నాను. లావణ్య తన సొరుగు ఖాళీ చేసుకుంటోంది. పగలు నలుగురి ముందూ సర్దుకోవడం ఇష్టంలేక ఆ వేళకు వచ్చింది. ఏసీ ఆపేశారు. ఎంత నిశ్శబ్దమంటే... టేపు చింపితే ఉలిక్కిపడేంత.

అప్పుడు వినిపించింది.

చెర్ర్... చెర్ర్... టప్.

చాటలో బియ్యం చెరుగుతున్న చప్పుడు. మా అమ్మమ్మ చెరగడం చూశాను, నాకు తెలుసు. ఆఫీసులో... ఈ వేళప్పుడు... చాటేమిటి?

చెర్ర్... చెర్ర్...

ఆగింది. తవుడు వాసన... వెచ్చగా.

"ఎన్నో నెలమ్మా?"

ముసలి గొంతు. లావణ్య తల ఎత్తలేదు. "ఏడోదండీ," అంది, మామూలుగా.

"మరి నిన్ను పొమ్మన్నదెవరు?"

లావణ్య చేతులు ఆగిపోయాయి. మెల్లగా... వెనక్కి తిరిగింది.

కుర్చీ మీద నిలబడ్డానుగా, గదంతా కనిపిస్తోంది నాకు. ఆ పిల్ల వెనక ఎవరూ లేరు. ఒట్టు... ఎవరూ లేరు.

"అక్కా... ఊడ్చే ఆవిడేనా మాట్లాడింది?"

ఊడ్చే ఆవిడ సాయంత్రమే వెళ్లిపోయింది. కుర్చీ దిగి, ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాను. లిఫ్టు ఎక్కే ధైర్యం లేక మెట్ల మీదుగానే దిగాం. కింద వాచ్‌మన్‌ను అడిగితే, "పైకెవరూ రాలేదమ్మా," అన్నాడు.

లావణ్య నా చెయ్యి వదల్లేదు. "నా వీపు నిమిరిందక్కా... చెయ్యి గరుగ్గా ఉంది."

తెల్లారి మేనేజరు గారు రత్నమ్మ కథను మైకులో చదివారు. గేటు ముందు బైఠాయించిన చోట ఆయన గొంతు బొంగురుపోయింది కూడా. చప్పట్లే చప్పట్లు. బొకేలు పెట్టడానికి చోటు చాలక, ఖాళీగా ఉందని లావణ్య కుర్చీలో పెట్టారు.

తర్వాత లావణ్యకు పాప పుట్టింది. చూడ్డానికి వెళ్తే ఆ రాత్రి సంగతే ఎత్తింది. "భయమేసిందక్కా, కాదనను. కానీ అన్నేళ్లు పనిచేశానా అక్కడ... పొమ్మన్నదెవరని నన్నడిగింది ఆవిడొక్కరే."

అలసటా? భ్రమా? ఇద్దరికీ ఒకేసారి ఒకే భ్రమ కలుగుతుందా? ఏమో... నాకిప్పటికీ తెలియదు.

లావణ్య సీట్లో ఇప్పుడు కొత్తమ్మాయి కూర్చుంటోంది. ఈ మధ్యే పెళ్లయింది. సాయంత్రం అందరితోపాటే నేనూ లేచి వచ్చేస్తున్నాను. ఒక్కదాన్నే ఉంటే ఆ గొంతు మళ్లీ వినిపిస్తుందేమో... ఆ పిల్లను పొమ్మంటుంటే నువ్వేం చేశావని ఈసారి నన్నే అడిగితే, ఏం చెప్పను?