మిరప పట్టా మీద ప్రకృతి వరణం

రిటైర్మెంటుకు నాలుగేళ్ల ముందు, బదిలీల కౌన్సెలింగ్‌లో నాకు కారంపూడి వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూలు దక్కింది. హోదా స్కూల్ అసిస్టెంట్, సబ్జెక్టు జీవశాస్త్రం. పదో తరగతికి క్లాస్ టీచరు కూడా నేనే. ఆ ఫిబ్రవరిలో డిప్యూటీ డీఈవో గారు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. ఆయన చూసేవి రెండే: ఒక పాఠం, హాజరు పట్టీ.

పాఠం గురించి నాకు దిగుల్లేదు. దిగులంతా పట్టీ గురించే. మిరప కాలంలో మా ఆడపిల్లలు కొందరు కళ్లాల్లో తాలు ఏరడానికి, అంటే ఎండిన కాయల్లోంచి తెల్లబారినవి తీసెయ్యడానికి వెళ్లేవారు. హాజరు తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరు. "పాపం, ఆడపిల్లలు. వచ్చినట్టే వేసెయ్యండి మాస్టారూ" అన్నారు హెడ్మాస్టరు గారు. ఎంత దయగల మనిషో అనుకుని వేసేశాను.

ఇక నా పాఠం, ప్రకృతి వరణం. టార్పాలిన్ పట్టా మీద ఎండుమిరపకాయలు పరిచి, వాటిలో ఎర్ర పూసలు, తెల్ల పూసలు సమానంగా కలపాలి. పూసలు పురుగులు, పిల్లలు పక్షులు. ఈల మోగగానే మొదలుపెట్టి, మళ్లీ మోగేలోగా దొరికినవి ఏరాలి. రంగు కలిసిపోయిన ఎర్రవి తప్పించుకుంటాయి. మిగిలినవాటికి సంతానం కలిగినట్టు అదే రంగు పూసలు చేర్చి మళ్లీ ఆడిస్తే, నాలుగైదు తరాలకు పట్టా నిండా ఎర్ర పురుగులే. స్థానిక వనరులతో బోధన అని రాసుకుని మురిసిపోయాను కూడా. మిరపకాయలు హెడ్మాస్టరు గారు తమ పొలం నుంచే పంపారు. చురుకైనవాళ్లంటూ నలుగురు పక్షుల్ని కూడా ఆయనే ఎంపిక చేశారు.

ఆఫీసరు గారు తుమ్ముల మధ్య ఈల ఊదారు. నలుగురు అమ్మాయిల వేళ్లూ కాయల్లో చకచకా తిరిగాయి. ఈల మళ్లీ మోగేసరికి తెల్లవీ లేవు, ఎర్రవీ లేవు. మొదటి తరంలోనే పురుగుల వంశం అంతరించింది.

"ఎర్రవి వదిలెయ్యండే" అంటూ హెడ్మాస్టరు గారు మళ్లీ ఆడించబోయారు. నాగమణి అనే పిల్ల అడ్డంగా తలూపింది.

"అట్టా వదిలేస్తే పన్లోకి రావొద్దంటారు సార్. నిదానంగా ఏరేవోళ్లని పోయినవారం పంపేశారు గదా!"

"ఎవరమ్మా పంపేసింది?" అన్నారు ఆఫీసరు గారు.

"మా పెద్దసారే. ఈ కాయలు కూడా మొన్న బేస్తవారం మేం ఏరినయ్యే."

ఆఫీసరు గారు పట్టీలో ఆ గురువారం తీశారు. నలుగురూ హాజరు, నా చేతిరాతలోనే. నాగమణికి అప్పుడు అర్థమైంది. "మమ్మల్ని పరీక్ష రాయనియ్యరా సార్?" అంది.

ఆయన ఇంకో తుమ్ము తుమ్మి, తనిఖీ పుస్తకంలో "పక్షుల ఎంపికలో మరింత జాగ్రత్త వహించవలెను" అని రాసి, మజ్జిగ తాగి వెళ్లిపోయారు.

నలుగురూ పరీక్ష రాశారు. నాకు మాత్రం ఆ తనిఖీ పూట చానా సిగ్గేసింది. హెడ్మాస్టరు గారు చేతి వేగం చూసి మా తరగతి పిల్లల్ని నెల రోజులుగా ఏరుతుంటే, ముప్పై ఏళ్లుగా ప్రకృతి వరణం చెబుతున్న నేను దానికి హాజరు వేస్తూ కూర్చున్నాను.